రంగ్‌రేజ్ పని, రంగ్‌సాజ్ పని

ఉర్దూలో రంగు పనికి రెండు మాటలున్నాయి. బట్టను రంగు నీళ్లలో ముంచి తీసేవాడు రంగ్‌రేజ్. తలుపు మీద, బండి మీద, కుర్చీ మీద రంగు పూసేవాడు రంగ్‌సాజ్. తెలుగులోనూ ఈ ఫర్క్ సాఫ్‌గా ఉంది. ఒకటి అద్దకం, రెండోది పూత. అద్దకం లోపలికి దిగుతుంది. పూత పైన కూర్చుంటుంది. ఉర్దూ మీడియం బడిలో ఒక మాట, తెలుగు డిగ్రీలో ఇంకో మాట నేర్చుకున్న నాకు రెండు జబానులూ ఒకే హకీకత్ చెప్పడం ఎప్పుడూ ఖుషీగానే ఉంటుంది.

ఈ ఫర్క్ లక్షల రూపాయల విలువను తేల్చే చోటు ఒకటుంది. అది గిటార్ తయారీ. చారలున్న మేపుల్ కర్రకు రంగెక్కించి, మెరుగు పెట్టే పని. దాన్ని దగ్గర కూర్చొని చూశాక నాకొక రాయ్ ఏర్పడింది. ఆ పనిలో ఉన్న ఇల్మ్, మనం ఇంట్లో కుర్చీ కూడా వెయ్యకుండా నిలబెట్టి మాట్లాడే ‘పాలిష్‌వాలా’ చేతిలో ఉన్న ఇల్మ్ ఒకే ఖాందాన్‌వి. ఆ చేతికి మనం ఇస్తున్న ఇజ్జత్ తక్కువ. ఆ ఛాతీకి ఇస్తున్న హిఫాజత్ ఇంకా తక్కువ.

‘గిటార్ గురించి మనకెందుకు భాయ్?’ అని కొందరు అడుగుతారని తెలుసు. మౌసిఖీ జాయజా నాజాయజా అన్న బహస్ ఉలమాలది, అందులోకి నేను పోను. నా మాట కర్ర గురించి, కర్రకు రంగెక్కించే చెయ్యి గురించి. అదే చెయ్యి రేపు మీ ఇంటి దీవాన్‌కు, మీరు ఖురాన్ పెట్టుకునే రిహల్‌కు కూడా పాలిష్ పెడుతుంది.

ముందు కర్ర సంగతి. మేపుల్ మన తెలుగు నేల చెట్టు కాదు. ఉత్తర అమెరికా, యూరప్ చలి ప్రాంతాల్లో ఎక్కువ. కెనడా జెండా మీద ఉన్న ఎర్రాకు దానిదే. కర్ర మీగడ రంగులో, గట్టిగా, నున్నగా ఉంటుంది. మామూలు మేపుల్ చూడ్డానికి సాదాగా ఉంటుంది, టేకులో కనిపించే గీతలు కూడా అంతగా ఉండవు. కానీ కొన్ని చెట్లలో నార నిటారుగా కాకుండా అలలు అలలుగా పెరుగుతుంది. అలాంటి దుంగను పలకలుగా కోస్తే రంపం ఒకచోట నారను పొడవునా కోస్తుంది, బొటనవేలంత దూరంలో అదే నార కొసలను కోస్తుంది. పొడవునా పడుకున్న నార వెలుతురును వెనక్కి కొడుతుంది. కొసలు పైకి తేలిన చోట వెలుతురు లోపలికి పోయి ఆ భాగం ముదురుగా కనిపిస్తుంది. అవే చారలు. పలకను చేతిలో పట్టుకుని కొంచెం వంచితే ముదురు చార తేలిపోతుంది, తేలిక చార ముదురవుతుంది. లహ్సునియా నగీనా వేలిని తిప్పితే అందులో వెలుతురు గీత జరుగుతుంది చూడండి, అచ్చం అలా.

పులిచారల్లా అడ్డంగా ఉంటే ఫ్లేమ్ మేపుల్ అంటారు. బుడగలు బుడగలుగా, లోతు తక్కువున్న నీళ్ల అడుగున ఎండ ఆడినట్టుంటే క్విల్ట్ మేపుల్. ఇది ఎక్కువగా అమెరికా పడమటి తీరంలో పెరిగే పెద్దాకు మేపుల్‌లో దొరుకుతుంది. చిన్న చిన్న కళ్లలాంటి చుక్కలుంటే బర్డ్స్‌ఐ. వయొలిన్ వెనక పలకకు వందల ఏళ్లుగా ఈ చారల కర్రనే వాడుతున్నారు. గిటార్‌వాళ్లు ఏం చేస్తారంటే, పలకను మందంలో రెండుగా చీల్చి, కితాబు తెరిచినట్టు పక్కపక్కన పెట్టి అతుకుతారు. ఎడమవైపు చార కుడివైపు అద్దంలో కనిపించినట్టు వస్తుంది.

ఇక రంగు సంగతి. దీనికి అమెరికాలో జరిగిన ఒక కథ చెప్పాలి. 1952లో గిబ్సన్ కంపెనీ గిటారిస్టు లెస్ పాల్ పేరుతో ఒక ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చింది. మిచిగన్ రాష్ట్రంలోని కలమజూ అనే ఊళ్లో దాని కార్ఖానా. ఒళ్లంతా మహోగని, పైన మేపుల్ పలక. ఆ పలక మీద బంగారు రంగు పూత. పూత కాబట్టి కింద మేపుల్‌కు చారలున్నా లేకపోయినా ఎవరికీ పట్టలేదు. అమ్మకాలు తగ్గాయి. 1958లో బంగారు రంగు తీసేసి, మధ్యలో పసుపు, అంచులకు చెర్రీ ఎరుపు, కింద కర్ర కనిపించేలా పారదర్శకమైన రంగు వేశారు. దాన్ని సన్‌బరస్ట్ అంటారు. అప్పటికి అదీ పెద్దగా అమ్ముడుపోలేదు. 1960తో ఆ మోడల్ ఆపేశారు. తర్వాత కొన్నేళ్లకు పెద్ద పెద్ద రాక్ గిటారిస్టులు ఆ పాత గిటార్లను వెతికి పట్టుకున్నారు. ఇవ్వాళ ఆ మూడేళ్ల గిటార్ ఒక్కోటి లక్షల డాలర్లు పలుకుతోంది.

ఆ కథలో నాకు నచ్చే తమాషా ఏమిటంటే, బంగారు రంగు తీసేశాక కర్ర బంగారమైంది. ఇంకో సంగతి కూడా ఉంది. అప్పుడు వాడిన ఎరుపు రంగు ఎండకు ఆగేది కాదు. వెలుతురులో పెట్టిన గిటార్లలో ఎరుపు మెల్లగా ఎగిరిపోయి కొన్ని తేనె రంగుకొచ్చాయి, కొన్ని చాయ్ రంగుకు, కొన్ని నిమ్మపండు పసుపుకు. పెట్టెలో దాచినవి ఎర్రగానే మిగిలాయి. కొన్నింటి మీద ప్లాస్టిక్ పలక విప్పి చూస్తే దాని నీడపడిన చోట మాత్రం పాత ఎరుపు పదిలంగా ఉంటుంది. రంగు ఎగిరిపోవడం కంపెనీ లెక్కలో నుఖ్స్. కొనేవాళ్ల లెక్కలో మాత్రం ప్రతి గిటార్‌కూ దాని సొంత ఉమర్, దాని సొంత ముఖం వచ్చాయి. పూతకు ఈ భాగ్యం లేదు. పూత పాతబడితే పెచ్చులూడుతుంది.

1985లో మేరీలాండ్‌లో పాల్ రీడ్ స్మిత్ అనే ఆయన పెట్టిన కంపెనీ ఈ అద్దకం పనినే తన పహచాన్ చేసుకుంది. నీలం, ఆకుపచ్చ, ఊదా ఏ రంగు వేసినా కింద చార కొట్టొచ్చినట్టు కనిపించాలి. అదే వాళ్ల షోకేసు. అక్కడినుంచి ప్రపంచంలో ఎక్కడ చిన్న గిటార్ వర్క్‌షాప్ ఉన్నా కుర్రాళ్లు ఈ పని నేర్చుకోవాలని తహతహలాడుతున్నారు.

నేను చూసింది బెంగళూరులో, ముగ్గురు మనుషులున్న ఒక చిన్న వర్క్‌షాప్‌లో. రెండు రోజులు స్టూల్ మీద కూర్చుని చూశాను. చూసింది చూసినట్టు చెప్తాను, ఎందుకంటే ఈ పనిలో ఎంత ఆలోచన ఉందో తెలియకుండా దానికి ఇజ్జత్ ఇమ్మని అడగడం ఖాళీ తఖ్రీర్ అవుతుంది.

మొదట రేగ్‌మాల్. 120 నంబరుతో మొదలుపెట్టి 150, 180, 220 దాకా, ఒక్క నంబరూ దాటెయ్యకుండా రుద్దుతారు. 120 వదిలిన గీతను 220 తీయలేదు, దాచగలదంతే. రంగు పడగానే ఆ గీత సుర్మా పెట్టినట్టు పైకి తేలుతుంది. తర్వాత జిగురు కోసం వెతుకులాట. పలకలు అతికినప్పుడు చుక్క జిగురు పైన ఎండిపోతే అక్కడ రంగు తాగదు, తెల్లమచ్చ పడుతుంది. కంటికి కనపడని ఆ జిగురు కోసం పలకను తుడిచి, దీపం పక్కకు వంచి పెట్టి వెతుకుతారు. ఆ తర్వాత తడిగుడ్డతో ఒకసారి తుడుస్తారు. నీళ్లు తగిలితే నార లేచి గరుకవుతుంది. ఆరనిచ్చి, లేచిన నారను మెత్తగా కోసేస్తారు. ఇది ఇప్పుడే చెయ్యకపోతే రంగు వేసేటప్పుడు లేస్తుంది, అప్పుడు రుద్దితే రంగు పోతుంది.

ఇక రంగు. కర్రకు వేసే రంగుల్లో రెండు జాతులున్నాయి. ఒకటి పొడి రేణువుల రంగు, పిగ్మెంట్. అది నీళ్లలో కరగదు, తేలుతుంది. కర్ర రంధ్రాల్లో, గీతల్లో పోయి కూర్చుంటుంది. టేకులాంటి రంధ్రాలున్న కర్రకు అది పనికొస్తుంది. మేపుల్ బిగుతు కర్ర, దానిమీద ఆ రేణువులు నిలవడానికి చోటు లేక మబ్బు పట్టినట్టు పైన పరుచుకుని చారను మసకబారుస్తాయి. రెండోది డై. నీళ్లలోనో స్పిరిట్‌లోనో చక్కెరలా పూర్తిగా కరిగిపోతుంది. కర్ర లోపలికి దిగుతుంది, వెలుతురును ఆపదు. గిటార్‌వాళ్లకు కావాల్సింది ఇదే. పాతకాలంలో వీటిని అనిలిన్ రంగులు అనేవారు. ఆ మాట ఎక్కడిదో తెలుసా? అరబ్బీ ‘అన్నీల్’, అంటే మన నీలిమందు. అరబ్బీలోకి అది మన ‘నీల’ నుంచే పోయింది. నీలిమందును బట్టీ పట్టి తీసిన ఒక నూనెకు 1840 ప్రాంతంలో ఆ పేరు పెట్టారు. తర్వాత 1856లో విలియం పెర్కిన్ అనే ఇంగ్లీషు కుర్రాడు అనిలిన్ నుంచి ఊదా రంగు తీశాడు. కార్ఖానా రంగుల జమానా మొదలైంది, మెల్లగా నీలిమందు సాగు కూలిపోయింది. మన నేల పేరు పెట్టుకున్న మందే మన నేల పంటను చంపింది. ఈ ఫసానా ఇంకెప్పుడైనా రాస్తాను.

వర్క్‌షాప్‌లో నీలం గిటార్ తయారవుతోంది. కానీ మొదట వేసింది నీలం కాదు, నలుపు. పలకంతా నల్లగా మసిబారింది. చూస్తే ఖరాబైపోయిందనిపిస్తుంది. ఆరాక మళ్లీ రేగ్‌మాల్ తీసుకుని ఆ నలుపును రుద్ది తీసేశారు. నార పడుకున్న చోట నలుపు పైపైనే ఉంది కాబట్టి పోయింది. నార కొసలున్న చోట లోతుగా తాగింది కాబట్టి మిగిలింది. ఇప్పుడు చార చిక్కగా కనిపిస్తోంది. దాని మీద నీలం. నీళ్లలో కలిపిన రంగైతే మెల్లగా ఆరుతుంది, సరిచేసుకోవడానికి వ్యవధి ఉంటుంది. స్పిరిట్‌లో కలిపితే క్షణాల్లో ఆరుతుంది, చెయ్యి ఆగితే ఆగిన చోట అంచు గీత పడుతుంది.

ఆ నలుపు ఎంత ఉంచాలన్న చోటే ఉస్తాద్ తెలుస్తాడు. ఈమధ్య బజారులో చాలా గిటార్లు జీబ్రాల్లా ఉంటున్నాయి. నలుపు ఎక్కువ ఉంచేస్తున్నారు. ఫొటోలో బాగుంటుంది. చేతిలోకి తీసుకుని వంచితే ఏమీ కదలదు. నల్ల చార ఎటునుంచి చూసినా నల్లగానే ఉంటుంది, వెలుతురు ఆట చచ్చిపోతుంది. సుర్మా కన్నును చూపించడానికి. కన్నుకంటే సుర్మానే ఎక్కువ కనపడితే అది సింగారం కాదు, మరక.

రంగు ఆరాక కర్ర చూస్తే దిగులేస్తుంది. పాత జీన్స్ గుడ్డలా వెలవెలబోయి, సున్నం కొట్టినట్టు ఉంటుంది. కొత్తవాళ్లు ఇక్కడే బేసబర్ అయి ఇంకో కోటు, ఇంకో కోటు అని చంపేస్తారు. తెలిసినవాడు అదే రోజు, అదే రంగు వేసి పక్కన పెట్టుకున్న తుక్కు ముక్క మీద పైపూత వేసి చూసుకుంటాడు. పైపూత తడి తగలగానే చారలు లేచి కూర్చుంటాయి. ముక్క మీద సరిపోతేనే గిటార్ మీదకి పోతాడు.

పైపూత ఇంకో పెద్ద బహస్. నైట్రోసెల్యులోజ్ లాకర్ వేస్తే పల్చటి కోటు మీద పల్చటి కోటు, ప్రతి కోటూ కిందిదాన్ని కొంచెం కరిగించి దాంట్లో కలిసిపోతుంది. చివరికి అంతా ఒకే పొర. కానీ వారాల తరబడి ఆరాలి, ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. పసుపు కింద నీలం ఉంటే ఆకుపచ్చ వైపు జరుగుతుంది. నీలం వేసేవాడు ఇరవై ఏళ్ల తర్వాతి రంగును కూడా ఇవ్వాళే అందాజా వెయ్యాలి. పీయూ, పాలియెస్టర్ పూతలు త్వరగా గట్టిపడతాయి, గీతలకు ఆగుతాయి, కానీ దళసరిగా వేస్తే కర్ర మీద గాజు కప్పినట్టుంటుంది. ఏది వేసినా చివర్లో 800 నుంచి 2000 దాకా నీళ్ల కాగితంతో రుద్ది, గుడ్డ చక్రం మీద మెరుగు తీస్తారు. అంచుల్లో చెయ్యి కాస్త బలంగా పడితే పూత, రంగు రెండూ పోయి తెల్లకర్ర బయటపడుతుంది. అంచు దగ్గర ఊపిరి బిగబట్టి రుద్దే ఆ రెండు నిమిషాల్లో నెల రోజుల మెహనత్ ఉంటుంది.

మూడో పైపూత మన ఇంటిదే. లక్క. మంచి క్లాసికల్ గిటార్లకు ఇప్పటికీ లక్క పాలిష్ పెట్టేవాళ్లున్నారు. మోదుగ, రేగు, కుసుమ్ చెట్ల కొమ్మల మీద ఒక చిన్న పురుగు వదిలే జిగురు అది. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఎక్కువగా తీస్తారు. రాంచీ దగ్గర 1924 నుంచే లక్కకు ప్రత్యేక పరిశోధన సంస్థ ఉంది. ఆ రేకులను స్పిరిట్‌లో నానబెట్టి, గుడ్డ పోట్లీతో, ఒక్క చుక్క నూనె తగిలించి, ఎనిమిది అంకె చుడుతూ చుడుతూ వందలసార్లు రాస్తారు. వాళ్లు దాన్ని ఫ్రెంచ్ పాలిష్ అంటారు. మన వడ్రంగి దుకాణాల్లో స్పిరిట్ పాలిష్ అంటాం. సరుకు అదే, పోట్లీ అదే.

లక్క మన తహజీబ్‌లో ఎక్కడ లేదు? చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లో బొగ్గుల మీద లక్క కరిగించి, గుండ్రంగా చుట్టి, నగీనాలు పొదిగే చేతులు ఎక్కువగా మన ఇళ్లవే. ఆ గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిరుగుడు మిషన్ మీద తిప్పుతూ రంగు లక్క కడ్డీని ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది, మొగలి ఆకుతో అదిమి మెరుగు తీస్తారు. దానికి 2017లో జీఐ దక్కింది. మన నానాలు, దాదాలు గ్రామఫోన్‌లో విన్న 78 ఆర్‌పీఎం రికార్డులు కూడా లక్క కలిపి పోసినవే. కాబట్టి అమెరికా గిటార్ కథ మనకు మరీ దూరపు కథేమీ కాదు.

ఇక్కడ నా అసలు మాటకు వస్తాను. ఈ పనిలో రహస్యం మందులో ఉందని అందరూ అనుకుంటారు. స్ట్రాడివారీ వయొలిన్ల వార్నిష్ గురించి రెండు మూడు వందల ఏళ్లుగా ఎన్ని కహానీలు! ఏదో రాజ్ ఉందని, ఏదో దొరకని మసాలా కలిపాడని. ఫ్రాన్స్, జర్మనీ పరిశోధకులు ఐదు స్ట్రాడివారీ వాద్యాల పూతను ల్యాబులో పరీక్షించి 2009 చివర్లో బయటపెట్టిన ఫలితం చాలా సాదాగా ఉంది. కింద ఆరే గుణమున్న నూనె పొర. పైన నూనె, చెట్టు బంక కలిపిన పొర, అందులో కొన్నింటికి ఎర్ర రంగులు. అంతా ఆ కాలపు చిత్రకారుల దగ్గర దొరికే మామూలు సరుకే. అంటే అద్భుతం సీసాలో లేదు. చేతిలో, నజర్‌లో, సబర్‌లో ఉంది.

చేతిలో ఉన్న ఇల్మ్‌ను మనం ఇల్మ్ అని ఒప్పుకోం. ఆ బెంగళూరు వర్క్‌షాప్‌లో రంగు పని చేసేది ఎవరనుకున్నారు? హిందూపురం వైపు నుంచి ఎప్పుడో వలసపోయిన ఒక చాచా. అరవై దాటాయి. ముప్పై ఏళ్లు సోఫాలకు, పెళ్లి మంచాలకు స్పిరిట్ పాలిష్ పెట్టాడు. వర్క్‌షాప్ యజమాని కుర్రాడు. వీడియోలు చూసి, పుస్తకాలు చదివి నేర్చుకున్నాడు. కానీ పోట్లీ ఎంత తడిగా ఉండాలో, రంగు ఎప్పుడు ఆపాలో దగ్గరకొచ్చేసరికి చాచా వైపు చూస్తాడు. చాచా పలకను చెంపకు దగ్గరగా పెట్టుకుని, కిటికీ వైపు ఏటవాలుగా చూసి, ‘ఔర్ నక్కో, బస్’ అంటాడు. అంతే, ఆపేస్తారు. ఆ ‘బస్’ విలువ గిటార్ ధరలో సగం ఉంటుందని ఆ కుర్రాడే నాతో అన్నాడు. అదే చాచా సోఫాల కాలంలో రోజుకూలీ. ఇంటివాళ్లు చాయ్ ఇస్తే విడిగా పెట్టిన గ్లాసులో ఇచ్చేవారట. మనవాళ్ల ఇళ్లల్లో కూడా.

అక్కడికి నేను పోవడానికి కారణం మా ఆపా. ఆమె కొడుకు ఇంజనీరింగ్ చేశాడు, ఒక ఏడాది ఉద్యోగమూ చేశాడు, వదిలేసి ఆ వర్క్‌షాప్‌లో షాగిర్ద్‌గా చేరాడు. ఇంట్లో మాతమ్. మా దుల్హాభాయ్ నాకు ఫోన్ చేసి, ‘ఇత్నా పఢ్కే లక్డీకూ రంగ్ లగాతా క్యా జీ? జర తుమీచ్ సమ్‌జావ్’ అన్నాడు. సమ్‌జాయించడానికే పోయాను. వాడు ‘మామూ, ముందు రెండు రోజులు చూడు, తర్వాత తిట్టు’ అన్నాడు. చూశాను.

మా దుల్హాభాయ్ బాధను నేను తేలిగ్గా తీసుకోను. అప్పు చేసి చదివించిన తండ్రి. మన ఇళ్లల్లో పాలిష్ పని, మెకానిక్ పని, వెల్డింగ్ పని షౌక్ కొద్దీ చేసినవి కావు. చదువు అందక, ఉద్యోగం రాక, ఇంకో దారి లేక చేసినవి. ఆ పనుల్లో తండ్రుల చేతులు పగిలాయి కాబట్టే కొడుకులు చదువుకోవాలని కోరుకున్నారు. అలాంటి తండ్రితో ‘హునర్ గొప్పది’ అని చెప్పడం, కడుపు నిండినవాడు ఉపవాసం గురించి చెప్పినట్టుంటుంది. అదీగాక గిటార్లు కొనేవాళ్లు ఎందరు? నెలకు ఒకటి రెండు తయారయ్యే చోట షాగిర్ద్‌కు ఏం మిగులుతుంది? ఈ సవాళ్లన్నీ జాయజే.

అయినా నా రాయ్ మారలేదు, కారణం చెప్తాను. చదువు మానేసి పనికి పొమ్మని నేను అనడం లేదు. చదివినవాడు చేతిపనికి పోతే అది పడిపోవడం అన్న లెక్క తప్పంటున్నాను. చాచా దగ్గర లేనిది హునర్ కాదు. ధర చెప్పుకునే ధైర్యం, బిల్లు రాసే అలవాటు, కొనేవాడితో వాడి భాషలో మాట్లాడే చొరవ. మా వాడి దగ్గర అవున్నాయి, చెయ్యి లేదు. ఇద్దరూ ఒకే బల్ల ముందు నిలబడితే ఇద్దరికీ లాభం. మన ఖౌమ్‌లో చదివిన పిల్లలంతా చేతిపని నుంచి పారిపోతే, చాచాలు రోజుకూలీలుగానే కబరస్తాన్‌కు పోతారు. వాళ్లతోపాటు ఆ ‘బస్’ కూడా పోతుంది.

పోతే దాని జాగాలో వచ్చేది నకల్. ఇప్పటికే వచ్చింది. చవక గిటార్ల మీద మేపుల్ చారల ఫొటోను పల్చటి పొర మీద ముద్రించి అంటించి పైన పీయూ కొడుతున్నారు. అటూ ఇటూ వంచి చూడండి, చార కదలదు. అదొక్కటే పరీక్ష చాలు. కాగితమంత పల్చటి అసలు మేపుల్ పొర అంటించేవీ ఉన్నాయి, వాటిని నేను మోసం అనను, చెప్పి అమ్మితే. కర్ర సాదాదైతే పైన నిండు రంగు పూయడంలోనూ తప్పు లేదు, రంగ్‌సాజ్ పని కూడా పనే. లేనిదాన్ని ఉన్నట్టు చూపించి అసలు ధర వసూలు చేయడమే హరామ్ కమాయీ. మన ఫర్నిచర్ దుకాణాల్లో కూడా ఇదే నడుస్తోంది. టేకు అని చెప్పి, ఏ కర్రకో టేకు రంగు దట్టంగా పూసి ఇస్తున్నారు. రంగు కింద నార కనపడకపోతే అడగండి. అడిగే హక్కు మీకుంది.

ఇక ఛాతీ మాట. ఇది చెప్పకుండా ఇజ్జత్ గురించి ఎంత మాట్లాడినా ఫజూల్. చాచా మెట్లెక్కలేడు. రెండు మెట్లకోసారి ఆగుతాడు. ముప్పై ఏళ్లు తలుపులు మూసిన గదుల్లో థిన్నర్ వాసన పీల్చాడు, ఎందుకంటే కిటికీ తెరిస్తే తడి పాలిష్ మీద దుమ్ము వాలుతుంది. ముఖానికి దస్తీ కట్టుకునేవాడు. దస్తీ గానీ, కరోనా కాలంలో మనమంతా వాడిన మాస్క్ గానీ థిన్నర్ ఆవిరిని ఆపవు. బొగ్గు కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి. రెండు మూడు వేల రూపాయలకు దొరుకుతుంది, కార్ట్రిడ్జ్ మాత్రం సమయానికి మార్చుకోవాలి. పీయూ పాలిష్‌లో కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లుంటాయి, వాటివల్ల ఆస్తమా వస్తుంది, ఒకసారి పట్టుకుంటే తర్వాత కొంచెం తగిలినా ఊపిరి ఆడదు. ఆ స్ప్రేకు విడి గది, బయటి గాలి అందించే మాస్క్ ఉండాలి. కర్ర పొడి కూడా చిన్నది కాదు, ముక్కు క్యాన్సర్‌కు కారణమయ్యే వాటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని చేర్చింది. అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయి, విడిగా పరిచి ఆరెయ్యాలి.

వర్క్‌షాప్‌లో కుర్రాడు చాచాకు మంచి మాస్క్ కొనిచ్చాడు. చాచా దాన్ని తీసి గోడకు తగిలిస్తూ నాతో అన్నాడు, ‘యే తీస్ సాల్ పెహ్లే దేనా థా బాబా.’ గిలా లాగా అనలేదు. టైం చెప్పినట్టు చెప్పాడు.

మా ఆపాకూ, దుల్హాభాయ్‌కూ నేను చెప్పింది ఇదే, ఈ దారిలో పిల్లలున్న తల్లిదండ్రులందరికీ కూడా ఇదే చెప్తాను. వద్దనే ముందు మూడు సంగతులు కనుక్కోండి. ఉస్తాద్ ఎవరు, అతని చెయ్యి ఎలాంటిది? షాగిర్ద్ కాలం ఎన్ని నెలలు, ఆ తర్వాత ఎంత ఇస్తారు, కాగితం మీద రాశారా? మాస్క్, గాలి ఏర్పాటు ఏమిటి? మూడింటికీ జవాబు బాగుంటే బిడ్డకు దువా ఇచ్చి పంపండి. మూడోదానికి జవాబు లేకపోతే, జీతం ఎంతైనా సరే, వెనక్కి పిలవండి.

ఇంటికి పాలిష్ పని పెట్టుకునేవాళ్లకు ఇంకో రెండు మాటలు. రంగు వేసే ముందు అదే కర్ర తుక్కు మీద రంగు, పైపూత రెండూ వేసి చూపించమనండి. పగటి వెలుతురులో చూసి ఒప్పుకోండి. తర్వాత గొడవలుండవు, సరుకు దండగవదు. పనివాడు మాస్క్ తెచ్చుకున్నాడా అని అడగండి. తేకపోతే కూలీ ఖరారు చేసేటప్పుడే దాని ఖర్చు కలపండి. కిటికీ తెరిచి పని చేసుకోమనండి, తలుపు మీద నాలుగు దుమ్ము రవ్వలు పడితే పడనివ్వండి. చాయ్ మీరు తాగే కప్పులోనే ఇవ్వండి. కుర్చీ వేయండి.